వీసా ఫైలుతో కాగితపు సూట్‌కేసు: నా అనుభవం

2025 ఆగస్టు చివరి వారంలో అమెరికాలో ఎం.ఎస్. తరగతులకు హాజరు కావలసిన నేను, 2026 ఫిబ్రవరిలో ఈ మాటలు శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట దగ్గరి మా ఊళ్లో కూర్చుని రాస్తున్నాను. వీసా రాకపోవడం మా వైపు వింత కాదు. వచ్చాక ఏం చేయాలో చెప్పేవారికి ఎంత కొదవ లేదో, రాకపోతే ఏం చేయాలో చెప్పేవారికీ అంతే కొదవ లేదు. మళ్లీ వీసా ఇంటర్వ్యూకు స్లాటు (తేదీ) వేయమన్నవారు, జర్మనీ చూడమన్నవారు, గ్రూప్ పరీక్షలకు కూర్చోమన్నవారు, పెళ్లి సంబంధం తెచ్చినవారు వారం తిరిగేలోగా అందరూ వచ్చి వెళ్లారు. ఏడాదిపాటు పోగుచేసిన ఆ ఫైలును ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. నేను దాన్ని నానబెట్టి, రుబ్బి, ఆ గుజ్జుతో ఒక సూట్‌కేసు చేశాను. సెప్టెంబరు మధ్యలో మొదలుపెట్టిన పని సంక్రాంతికి గాని తెమల్లేదు.

ముందు ఆ ఫైలు ఎలా పుట్టిందో చెప్పాలి. సివిల్ ఇంజనీరింగులో బి.టెక్. అయ్యాక రెండేళ్లు ఒక కాంట్రాక్టరు దగ్గర సైటు ఇంజనీరుగా చేసి, నీటి వనరుల విభాగంలో ఎం.ఎస్. కోసం దరఖాస్తులు పెట్టాను. 2025 ఫిబ్రవరిలో ప్రవేశం ఖరారైంది, ఏప్రిల్ మొదట్లో వీసాకు కావలసిన, విశ్వవిద్యాలయం పంపే ఐ-20 పత్రం వచ్చింది. నాన్న ఆర్టీసీలో డ్రైవరు. ఆయన జీతం ఒక్కదాని మీద అంత రుణం పుట్టదు. పొలం హామీగా పనికిరాదని బ్యాంకువాళ్లు చెప్పారు, గ్రామకంఠంలో ఉన్న మా ఇల్లు అంతకంటే పనికిరాదన్నారు. చివరికి మామ్మకు పుట్టింటివారు పసుపుకుంకుమల కింద పొందూరులో ఇచ్చిన ఇంటిస్థలం దగ్గర వ్యవహారం కుదిరింది. దానితో ఫైలు లావు రెట్టింపయింది. ముప్పయ్యేళ్ల ఈసీ (స్థలం మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం), లింకు దస్తావేజుల (పాత యాజమాన్య పత్రాల) నకళ్లు, వకీలు అభిప్రాయం, స్థలానికి విలువ కట్టిన ఇంజనీరు నివేదిక, నాన్న జీతం చీటీలు, ఆడిటరు లెక్క, మామ్మ వేలిముద్రలు వేసిన ప్రమాణపత్రం, వీటన్నిటికీ మూడేసి నకళ్లు చేరాయి. కన్సల్టెన్సీవాళ్లు దానికి రంగురంగుల విభజన అట్టలు పెట్టించి, ప్రతి కాగితాన్నీ పారదర్శకపు కవరులో దూర్పించారు. మే మధ్యలో రుణం మంజూరైన ఉత్తరం వచ్చిన రోజు మామ్మ ఆ ఫైలుకు పసుపు రాసింది.

డీఎస్-160 అనే ఆన్‌లైన్ వీసా దరఖాస్తు పూర్తిచేసి, వీసా రుసుము కట్టి, స్లాటు వేసుకుందామని కూర్చున్న వారంలోనే, మే 27న, విద్యార్థి వీసాలకు కొత్త ఇంటర్వ్యూలు కేటాయించడం ఆపాలని అమెరికా విదేశాంగ శాఖ తన కార్యాలయాలన్నిటికీ చెప్పింది. అప్పటికే స్లాటు ఉన్నవాళ్లకు ఇబ్బంది లేదు. రెండు మూడు రోజుల తేడాతో నేను రెండో వైపు మిగిలిపోయాను. జూన్ 18న మళ్లీ తెరుస్తామన్నారు. 23న భారతదేశంలోని వారి రాయబార కార్యాలయం చదువుకూ, వృత్తి శిక్షణకూ, మార్పిడి కార్యక్రమాలకూ ఇచ్చే ఎఫ్, ఎం, జె వీసాలు కోరేవారందరూ తమ సామాజిక మాధ్యమాల ఖాతాలను అందరికీ కనిపించేలా తెరిచి ఉంచాలని ప్రకటించింది. ఐదేళ్లలో వాడిన ఖాతాల పేర్లు దరఖాస్తులో ఎలాగూ రాసే ఉన్నాం. నా ఖాతాలో ఉన్నవి ముగ్గులూ, సైటు దగ్గర గీసిన కాంక్రీటు మిక్సర్ల పెన్సిలు బొమ్మలూను. వాటిలో ఎవరికైనా అభ్యంతరం ఏముంటుందని ఇప్పుడు నవ్వు వస్తోంది గాని, అప్పుడు మాత్రం అర్ధరాత్రి దాకా మేలుకుని ఒక్కొక్క బొమ్మ కింద ఎవరెవరు ఏమేం రాశారో చదివి, తీసేయాలా ఉంచాలా అని తల బద్దలుకొట్టుకున్నాను. చివరికి ఏదీ తీయలేదు. కాని ఆ రాత్రి నుంచి బొమ్మ గీయడం ఆగిపోయింది. గీయబోయే ప్రతి గీతనూ నా భుజం మీదుగా ఎవరో చూస్తున్నట్టు అనిపించేది.

జూలై అంతా స్లాట్ల కోసం కాపలా కాయడంతో సరిపోయింది. టెలిగ్రామ్ గుంపుల్లో ఎవరో "వచ్చాయి" అనగానే అన్నం దగ్గర నుంచి కూడా లేచిపోయేదాన్ని. వీసా వెబ్‌సైటులోకి ఎక్కువసార్లు వెళ్లి చూస్తే ఖాతా కొంతకాలం మూసుకుపోతుంది. చూడకపోతే స్లాటు పోతుంది. ఈ రెండింటి మధ్య నిద్ర లేక అమ్మతో కారణం లేకుండా గొడవపడ్డ రోజులున్నాయి. నెలాఖరున ఒక తెల్లవారుజామున స్లాటు దొరికింది, ఆగస్టు మొదటి వారానికి.

వేలిముద్రలు, ఫొటో ముందురోజు ఒకచోట తీసుకుంటారు, ఇంటర్వ్యూ మర్నాడు మరోచోట ఉంటుంది. కాబట్టి బసకూ రానుపోను ఖర్చులకూ రెండు రోజుల లెక్క వేసుకోవాలి. కిటికీ ముందు నేను నిలబడింది మూడు నిమిషాలకు మించదు. ఆ విశ్వవిద్యాలయమే ఎందుకు, డబ్బు ఎవరు పెడుతున్నారు, చదువయ్యాక ఏం చేస్తారు, అంతే. పాస్‌పోర్టు, ఐ-20 తీసుకున్నారు. ఫైలు తెరవమనలేదు. మూడు కిలోల పైచిలుకు ఫైలును రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని నేను సమాధానాలు చెప్పాను. పాస్‌పోర్టుతోపాటు ఒక కాగితం తిరిగి వచ్చింది. 214(బి) సెక్షను కింద, అంటే చదువయ్యాక తిరిగి వస్తానన్న నమ్మకం కలగలేదని, తిరస్కరణ; అప్పీలు లేదు; కావాలంటే కొత్తగా రుసుము కట్టి మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు. తిరుగు రైల్లో నన్ను ఎక్కువగా బాధించినది తిరస్కరణ కాదంటే నమ్మరు. ఆ ఫైలును ఎవరూ తెరవలేదన్నదే గుండెలో గుచ్చుకుంది.

ఖర్చు సంగతి కూడా రాస్తాను, ఎందుకంటే ముందే తెలిస్తే బాగుండునని నాకు అనిపించింది. 2025లో నేను కట్టినప్పుడు సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలు నమోదుచేసే అమెరికా వ్యవస్థ) రుసుము 350 డాలర్లు, వీసా రుసుము 185 డాలర్లు, రెండూ తిరిగి రావు. సెవిస్ రుసుముకు ఒక వెసులుబాటు ఉంది: తిరస్కరణ తర్వాత అదే తరహా వీసాకు పన్నెండు నెలల్లోపు మళ్లీ వెళ్తే కొత్తగా కట్టనక్కర్లేదు. భాషా పరీక్ష, జీఆర్ఈ ప్రవేశ పరీక్ష, దరఖాస్తుల రుసుములు, సీటు నిలుపుకోవడానికి కట్టిన మొత్తం, బ్యాంకు ప్రాసెసింగ్ రుసుము, వకీలుకూ ఇంజనీరుకూ ఇచ్చినవి కలిపితే రెండు లక్షలకు కొంచెం తక్కువ తేలింది. రుణం చేతికి రాకముందే రద్దు చేసుకున్నాం గనుక వడ్డీ పడలేదు, కాని తాకట్టు పెట్టిన అసలు దస్తావేజు తిరిగి ఇంటికి రావడానికి నెల దాటింది. అది వచ్చేదాకా మామ్మ ఏమీ అనలేదు గాని, రోజూ సాయంత్రం నాన్న డ్యూటీ దిగి రాగానే ఆయన చేతుల వైపు చూసేది.

ఆగస్టు, సెప్టెంబరు మొదటి పక్షం గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. గది దాటలేదు. "ఎప్పుడెళ్తున్నావమ్మా?" అని అడిగేవారికి భయపడి రెండు పెళ్లిళ్లకు వెళ్లలేదు. జూలైలో ముందుచూపుతో కొన్న సూట్‌కేసులు, రెండు పెద్దవీ ఒక చిన్నదీ, ధర చీటీలు వేలాడుతూనే మంచం కింద ఉండేవి. ఊడ్చినప్పుడల్లా అమ్మ వాటిని జరిపి, ఊడ్చి, మళ్లీ అక్కడే పెట్టేది.

సెప్టెంబరు మధ్యలో ఒక ఉదయం మామ్మ పెరట్లో చేటలకు గుజ్జు పూసే పని పెట్టుకుంది. తెలియనివారి కోసం చెబుతున్నాను: కొత్తగా కొన్న వెదురు చేటకు సందులుంటాయి, నూకలు జారిపోతాయి. పాత కాగితాలు నానబెట్టి, నానిన మెంతులతో కలిపి రోట్లో మెత్తగా రుబ్బి, ఆ ముద్దను చేటకు రెండువైపులా అరచేత్తో పూసి ఎండబెడితే సందులు పూడిపోతాయి, మెంతుల చేదుకు పురుగు దగ్గరికి రాదు. ఆ రోజు ఇంట్లో దినపత్రికలు చాలలేదు. మామ్మ గుమ్మంలో నిలబడి, బీరువా వైపు గడ్డం ఎగరేసి అడిగింది.

"ఏటే గుంటా, ఆ తెల్ల కాయితాలు ఇయ్యవా? సేటకి బాగా పడతాయి."

"అవి వీసా కాగితాలు మామ్మా."

"అయితే ఏటి? కాయితం కాయితమే కాదేటి?"

నాకు కోపం వచ్చింది. సాయంత్రానికి కోపం తగ్గింది. రాత్రి ఫైలు తీసి నేలమీద పరిచాను.

మొదట చేయవలసింది ఏది నానబెట్టకూడదో తేల్చడం. ఇదే దారిలో వెళ్లాలనుకునేవారు దీన్ని జాగ్రత్తగా చదవాలి. అసలు మార్కుల జాబితాలు, డిగ్రీ పట్టా, ఐ-20, సెవిస్ రసీదు, తిరస్కరణ కాగితం, డీఎస్-160 నిర్ధారణ పేజీ, రుణం రద్దయినట్టు బ్యాంకు ఇచ్చిన ఉత్తరం, ఇవన్నీ విడిగా తీసి దాచాను. ఇంతకుముందు వీసా నిరాకరించారా అని తర్వాతి దరఖాస్తుల్లో అడుగుతారు, తేదీతో సహా చెప్పవలసి ఉంటుంది. దస్తావేజుల నకళ్లూ, పాత ఆధార్ నకళ్లూ మాత్రం నీళ్లలో వేయడమే క్షేమం. పాత సామానువాడికి వేస్తే ఎవరి చేతికి పోతాయో తెలియదు.

తర్వాత పిన్నులు తీసే పని. దీనికే నాలుగైదు సాయంత్రాలు పట్టింది, ఎందుకంటే పిన్ను తీయబోయి ప్రతి కాగితాన్నీ చదవడం మొదలుపెట్టాను. కన్సల్టెన్సీలో ఎవరో రాసిపెట్టిన నా ఆశయ పత్రంలో "బాల్యం నుంచి భూగర్భజలాలు నన్ను ఆకర్షించాయి" అన్న అర్థం వచ్చే వాక్యం ఉంది. చాలా రోజుల తర్వాత అప్పుడు నవ్వాను. నాన్న జీతం చీటీల దగ్గర ఆ నవ్వు నిలవలేదు. ఒక్కొక్క నెలా డబుల్ డ్యూటీల అంకె ఎలా పెరుగుతూ వచ్చిందో వరసగా పరిస్తే కనిపించింది. నేను పరీక్ష రుసుము కట్టిన నెలలోనూ, దరఖాస్తులు పెట్టిన నెలల్లోనూ ఆ అంకె ఎక్కువ. నకళ్లు తీయించింది నేనే, ఆడిటరుకు ఇచ్చింది నేనే, కాని వాటిని చదవడం అదే మొదలు. మామ్మ వేలిముద్రల పత్రం నకలు దగ్గర చేయి ఆగింది. దాన్ని విడిగా అతికించి ఉంచుదామన్నాను. మామ్మ ఒప్పుకోలేదు. "నా ఏలు నా దగ్గరే ఉంది కదా, ఎయ్యి" అంది.

నానబెట్టడంలో కొన్ని ఊహించని సంగతులు ఎదురయ్యాయి. దినపత్రిక ఒక్కరోజులో మెత్తబడుతుంది. జిరాక్సు కాగితానికి నీళ్లు మారుస్తూ ఐదు రోజులు పట్టింది. లేజరు ముద్రణలోని నల్లపొడి ప్లాస్టిక్ జాతిది కావడం వల్ల కరగదు, గుజ్జులో నువ్వుల్లా మిగిలిపోతుంది. రబ్బరు ముద్రల సిరా మాత్రం కరిగింది. బ్యాంకు, నోటరీ, ఆడిటరు ముద్రలన్నీ కలిసి గోలెంలో నీళ్లు లేత వంగపండు రంగుకు తిరిగాయి. నోటరీ ఎర్రబిళ్లలు, లామినేషన్ ముక్కలు ఎంత నానినా నానవు, ముందే ఏరెయ్యాలి. మిక్సీలో వేయవద్దు, మోటారు కాలిన వాసన నాకు మొదటి గుప్పెడుకే వచ్చింది. రుబ్బురోలే గతి. కిలో పొడి కాగితానికి పావుకిలో మెంతుల చొప్పున వేశాను. గంటసేపు పొత్రం తిప్పితే భుజాలు పడిపోతాయి, కాని ఆ రాత్రి మే నెల తర్వాత మొదటిసారి ఫోను చూడకుండా నిద్రపోయాను.

ఏం చేయాలన్న ఆలోచన చేతులు గుజ్జులో ఉండగానే వచ్చింది. చిన్న సూట్‌కేసును మంచం కింద నుంచి లాగి, దాని మీద పాత దినపత్రికలు రెండు పొరలు, పైన పాలిథీన్ చుట్టి, కొబ్బరినూనె రాసి, రెండు సగాలుగా విడివిడిగా గుజ్జు పూశాను. అక్టోబరు మొదటి వారంలో వాన పట్టుకుంది. పూత పైన ఆరి, లోపల ఆరక, కుంచించుకుని అంచుల దగ్గర వేలు దూరేంత పగుళ్లిచ్చింది. నాలుగో రోజుకు పచ్చని బూజు కూడా కనిపించింది. దాన్ని తీసి మళ్లీ గోలెంలో వేశాను. కాగితంతో చేసే పనిలో ఉన్న సుఖం ఇది, ఏదీ పాడవదు, మళ్లీ గుజ్జవుతుంది.

పగుళ్లకు మందు పొందూరులో దొరికింది. దస్తావేజు తిరిగి వచ్చిన సంగతి చెప్పడానికి మామ్మను వాళ్ల పుట్టింటికి తీసుకెళ్లాను. మామ్మ వదిన ఇప్పటికీ రాట్నం ముందు కూర్చుంటుంది. వాలుగ చేప దవడ ఎముకను దువ్వెనలా పట్టుకుని, గింజకు అంటుకున్న దూదిని పోచపోచగా దువ్వుతోంది. ఆ ఎముక పళ్లు ఎంత సన్నంగా ఉంటాయంటే వేలితో తాకితే గరుకు తెలుస్తుంది గాని, కంటికి విడివిడిగా కనిపించవు. దువ్వగా మిగిలిన దూది ఆమె కాళ్ల దగ్గర పోగుపడి ఉంది. నా పగుళ్ల గోడు విని, ఆ రాలుడు దూదిని ఒక సంచీనిండా ఇచ్చి, "ఇది కలిపి సూడమ్మా, పోగు ఉంటే పట్టు ఉంటది" అంది. ఆమె చెప్పింది నిజం. ఆఫీసు కాగితంలో నార పొట్టిగా ఉంటుంది, అందుకే అది ఆరినప్పుడు పట్టు వదిలేస్తుంది. దూది పోగులు కలిపాక, పలచగా పొర మీద పొరగా పూయడం మొదలుపెట్టాక, మైదా జిగురులో చిటికెడు మైలుతుత్తం వేశాక పగుళ్లు, బూజు రెండూ ఆగాయి. మైలుతుత్తం విషం. తిండిగింజలు పెట్టే చేటలకూ బుట్టలకూ దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ వాడకూడదు.

అక్టోబరు 28న మొంథా తుపాను గోదావరి జిల్లాల వైపు తీరం దాటినా, వానలు మా దాకా వచ్చాయి. ఆ వారమంతా సగం పూసిన సూట్‌కేసు నా గదిలో పంకా కింద ఉంది. మెంతుల వాసన, తడి కాగితం వాసన, పైగా చీమలు. అమ్మ ఒక్క మాట అనలేదు. నేను గదిలోంచి బయటికి వస్తున్నానన్న సంతోషానికి ఆమె చీమల్ని భరించింది. నవంబరు ఎండలే అసలు పని చేశాయి. ఒక పొర వేయడం, మూడు రోజులు ఎండబెట్టడం, మళ్లీ పొర. ఈ నిరీక్షణ జూలై నాటి నిరీక్షణలాంటిది కాదు. ఇక్కడ తడి తగ్గిందో లేదో చేత్తో తాకితే తెలుస్తుంది.

డిసెంబరు రెండో వారంలో అచ్చు నుంచి విడదీశాను. లోపలి దినపత్రిక పొరను ఒక మూల నుంచి లాగితే పాలిథీన్ వదులై, రెండు సగాలూ చప్పుడు లేకుండా ఊడి వచ్చాయి. అసలు సూట్‌కేసు మీద ఉన్న నిలువు గాడులన్నీ కాగితం మీద పడ్డాయి. చివరి పొర గుజ్జును కావాలనే బరకగా ఉంచాను కనుక అక్కడక్కడ అక్షరాల తునకలు కనిపిస్తాయి: ఒకచోట "మాత్రమే", ఒకచోట సగం "హామీదారు", ఒకచోట విశ్వవిద్యాలయం ముద్రలోని నీలం వంపు. రంగు వేయలేదు. ప్రయాణానికని కొన్న సామాను తూచే చిన్న ఎలక్ట్రానిక్ కొక్కెం ఉంది. దానికి తగిలిస్తే కిలో ఎనిమిది వందల గ్రాములు చూపించింది.

దీనివల్ల బాధ పోయిందా అని అడిగితే పోలేదనే చెబుతాను. ఆగస్టులో నాతో ప్రవేశం వచ్చినవాళ్ల మంచు ఫొటోలు జనవరిలో చూసినప్పుడు కడుపులో ఏదో తిరిగింది. రెండు లక్షలు తిరిగి రాలేదు. పోయింది ఒకటే, ఆ ఫైలు బీరువాలో ఉందన్న స్పృహ. బట్టల కోసం తలుపు తీసినప్పుడల్లా కళ్లు పక్కకు తిప్పుకునే అలవాటు ఉండేది, అది ఎప్పుడు పోయిందో గమనించలేదు. ఇంకొకటి, బొమ్మలు గీయడం మళ్లీ మొదలైంది. ఖాతా అందరికీ కనిపించేలాగే ఉంది, చూసేవాళ్లు చూడనీ అనిపిస్తోంది.

సంక్రాంతికి వచ్చిన బంధువులు "ఎప్పుడు ప్రయాణం?" అని అడిగితే సూట్‌కేసు తెచ్చి ముందు పెట్టాను. పిల్లలు దాని మీద అక్షరాలు వెతుక్కున్నారు. మా బాబాయి, "మంచి చదువు చదివిన పిల్ల ఇదేం పని" అన్నాడు. ఆయన అనకపోతే ఆశ్చర్యపోయేదాన్ని. నాన్న దాన్ని రెండు చేతులతో లేపి, తిప్పి చూసి, తన చీటీలు ఇందులో ఉన్నాయని తెలిసి కూడా ఆ మాట ఎత్తకుండా, "పట్టుకోడానికి పిడి పెట్టలేదేమే?" అన్నాడు. కనుమ మర్నాడు బెత్తంతో పిడి చేసి అమర్చాను.

దీని ఖర్చు మెంతులు, మైదా, కొబ్బరినూనె, బెత్తం కలిపి వెయ్యి రూపాయలు దాటలేదు. ప్రస్తుతం శ్రీకాకుళంలో ఒక డిజైను ఆఫీసులో చేరాను, పని ఉదయం తొమ్మిదిన్నర నుంచి. మళ్లీ వీసాకు వెళ్లాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు. సెవిస్ గడువు ఉన్నంతలో తేల్చాలి. ఈలోగా పెద్ద సూట్‌కేసు మీద పని మొదలుపెట్టాను, దానికి నా దగ్గర మిగిలిన కాగితం సగం కూడా చాలదు. పక్క వీధిలో కెనడా అనుమతి రాని అబ్బాయి ఒకడు సంగతి విని, తన ఫైలు తెచ్చి అరుగు మీద పెట్టి, "అక్కా, ఇది కూడా రుబ్బేయండి" అన్నాడు. అసలు కాగితాలు ఏరి ఇంట్లో పెట్టుకుని, లామినేషన్లు తీసేసి, పిన్నులు తనే తీసి తెమ్మని తిప్పి పంపించాను.